తొమ్మిదో నంబరు ఇంటి అప్పగింత

మా ఊళ్ళో శ్మశానం లేదు. ఒక ఊరికి చరిత్ర ఉందో లేదో తేల్చుకోవాలంటే ముందు దాని శ్మశానం చూడాలని, నా పరిశోధనకు మార్గదర్శకులైన ఆచార్యులు అనేవారు. ఆ ప్రకారం మాది ఊరే కాదు. అయినా అరవై ఏళ్ళ పాటు ఇంగ్లీషువాళ్ళు దీన్ని ఊరనే పిలుచుకున్నారు. చుట్టుపక్కల జర్మనులు ఈనాటికీ "ఎంగ్లేండర్‌డార్ఫ్" అంటారు. ఇంగ్లీషువాళ్ళ పల్లె అని అర్థం.

పాడర్‌బోర్న్‌కు ఉత్తరాన హోల్టెన్‌బెక్ అనే చిన్న పట్టణం ఉంది. యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం ఆ పట్టణ శివార్లలో ఇద్దరు రైతుల బంగాళాదుంపల పొలాలు తీసుకొని, సైనికుల కుటుంబాల కోసం ఈ ఊరు కట్టించింది. ఎర్ర ఇటుక ఇళ్ళు, చిన్న చర్చి, బడి, సరుకుల కొట్టు, ఎర్రటి తపాలా పెట్టె. స్నానాల గదిలో వేడినీళ్ళకొక కుళాయి, చన్నీళ్ళకొక కుళాయి విడివిడిగా ఉంటాయి. చేతులు కాల్చుకోవాలి, లేదా గడ్డకట్టించుకోవాలి. ఉత్తరాలు సైనిక తపాలాలో వచ్చేవి. వైద్యుడు సైన్యపు వైద్యుడు. రేడియో వాళ్ళది, జీతాలు పౌండ్లలో, బ్యాంకు లండనులో. జూన్‌లో కేకుల పోటీ, నవంబరులో అమరవీరుల కోసం కోటుకు గుచ్చుకొనే కాగితపు ఎర్రపూలు. ప్రధాన రహదారి దాటితే గాని తాము జర్మనీలో ఉన్నామని పిల్లలకు తెలిసేది కాదు.

ఏ కుటుంబాన్నీ రెండు మూడేళ్ళకు మించి ఇక్కడ ఉంచేవారు కాదు. అందువల్ల ఆలస్యంగా కాసే చెట్టును ఎవరూ నాటలేదు. ముసలితనం దాకా ఎవరూ ఉండలేదు కనుక ఎవరినీ ఇక్కడ పాతిపెట్టలేదు. ఎవరినీ పాతిపెట్టలేదు కనుక, వెళ్ళినవాళ్ళలో తిరిగి చూడడానికి వచ్చినవాళ్ళు లేరు. పైగా వెళ్ళేవాళ్ళకు ఒక కఠినమైన ఆచారం ఉండేది. దాన్ని వాళ్ళు "మార్చ్ అవుట్" అనేవారు. ఇల్లు ఖాళీ చేసే రోజున తనిఖీ అధికారి తెల్లని చేతిగ్లవ్స్ తొడుక్కొని వచ్చి, పొయ్యి వెనుక, తలుపుల పైన, కిటికీ సందుల్లో వేలు పెట్టి రాసేవారు. వేలికి మురికి అంటిందా, ఆ కుటుంబం మళ్ళీ కడగాలి. గోడకు మేకు కొట్టిన గుర్తు ఉండకూడదు. తోటలో నాటినదేదైనా పీకి గడ్డి పరిచిపెట్టాలి. ఆ ఇంట్లో మనుషులు కాపురమున్న ఆనవాలు లేదని అధికారి సంతకం చేస్తేనే కుటుంబానికి విడుదల.

చివరి పాతికేళ్ళూ ఆ సంతకం చేసింది మా పొరుగింటి మోరీన్ ప్రాట్.

నేను ఈ ఊరికి వచ్చింది 2019 శరత్కాలంలో. అప్పటికి సైన్యం పూర్తిగా వెళ్ళిపోయింది. ఇళ్ళు జర్మన్ ప్రభుత్వపు ఆస్తుల కార్యాలయం చేతిలోకి వచ్చాయి. వాటిని ఏం చేయాలో తేలేవరకు అద్దెకిచ్చారు. పాడర్‌బోర్న్‌లో అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళు మనవాళ్ళే కనుక ముందుగా వచ్చినవాళ్ళూ మనవాళ్ళే. క్రిస్మస్ నాటికి లావెండర్ క్లోజ్ అనే మా వీధిలో జర్మన్ కంటే తెలుగే ఎక్కువగా వినిపించేది. మా చెల్లెలి మనవడు ఆషర్ పదకొండో నంబరు ఇల్లు తీసుకున్నాడు. వాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వాడి భార్య ఫెలిషా ఫార్మసిస్టు, కూతురు సూజీకి నాలుగేళ్ళు. విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పి విరమించి, ఒంటరిగా ఉన్న నన్ను తమతో ఉండమన్నారు.

నేను నర్సాపురంలో పుట్టి, వాల్తేరులో చదివి, 1966లో పరిశోధనకు జర్మనీ వచ్చాను. నా పరిశోధన ఒక చిన్న ఇంగ్లీషు పల్లె గురించి. భారతదేశం నుంచి వచ్చి ఇంగ్లీషు పల్లె గురించి ఎందుకని ఆచార్యులు అడిగారు. వాళ్ళు మా ఊళ్ళ గురించి బోలెడు రాశారు, బదులు తీర్చుకోవాలి కదా అన్నాను. నేను పరిశీలించినది పదిహేడో శతాబ్దపు నివాస చట్టం ఆ పల్లెలో అమలైన తీరు. ఆ చట్టం ప్రకారం ఇంగ్లండులో ప్రతి పేదవాడూ ఏదో ఒక పారిష్‌కు, అంటే ఒక చర్చి పరిధిలోని ఊరికి, చెంది ఉండాలి. పరాయి పారిష్‌లో రోగమొచ్చి సాయమడిగితే, పెద్దలు విచారించి, బండెక్కించి, సొంత పారిష్ పొలిమేరలో దింపి వచ్చేవారు. ఏడాది పొడుగునా ఒకచోట పనిచేస్తే అక్కడ నివాస హక్కు వస్తుంది. అందుకని రైతులు జీతగాళ్ళను ఏడాదికి ఒక వారం తక్కువగా కుదుర్చుకొనేవారు. మనిషి అక్కడే ఉన్నాడని ఊరందరికీ తెలుసు, కాని చట్టానికి తెలియదు. ఆ వారంలోనే జీవితాలు పోయాయి. ఇదంతా ముగిసిపోయిన చరిత్ర అనుకొని రాశాను.

మిసెస్ ప్రాట్ మొదటిసారి నాతో మాట్లాడింది చెత్తడబ్బాల గురించి.

"ఇవాళ పసుపు డబ్బా కాదు, గోధుమరంగుది," అన్నారు కంచె అవతలి నుంచి. "మీవాళ్ళకు చెప్పండి."

"మావాళ్ళంటే?"

"మీ ఇంట్లోవాళ్ళు. ఇంకెవరనుకున్నారు?" ఒక క్షణం నన్ను ఎగాదిగా చూశారు. "ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నారు?"

"నర్సాపురంలో, ఒక మిషనరీ దొరసాని దగ్గర."

"అదీ సంగతి. మా అమ్మమ్మ కూడా అలా మాట్లాడేది కాదు. వాళ్ళమ్మ మాట్లాడేదేమో."

ఆమె భర్త రాన్ సైన్యంలో కార్పొరల్. విరమించాక అదే సైన్యపు గిడ్డంగిలో పౌర ఉద్యోగిగా చేరాడు. ఆమెకు ఇళ్ళ విభాగంలో పని దొరికింది; వయసు దాటినా ఇళ్ళన్నీ ఖాళీ అయ్యేవరకు ఆమెనే ఉంచుకున్నారు. అలా ఈ ఊళ్ళో బదిలీ లేకుండా ఉండిపోయినది వాళ్ళిద్దరే; ఆమె మొత్తం నలభై ఆరేళ్ళున్నారు. పిల్లలు లేరు. కదిలిపోయే పని లేదు గనుక, తాను నలుగురికీ వద్దన్న పని తానే చేశారామె: పెరట్లో బేరి చెట్టు నాటారు. 2009లో రాన్ పోయాడు. దహనం ఇంగ్లండులో జరిగింది. ఆమె చితాభస్మాన్ని బిస్కెట్ల డబ్బాలో తెచ్చి, ఆ చెట్టు మొదట్లో కలిపేశారు. జర్మనీలో అలా చేయడం నేరం. ఈ ఊళ్ళో మట్టిలో కలిసిన మనిషి అతనొక్కడే, ఆ సంగతి తెలిసినవాళ్ళం మేమిద్దరమే.

"నేను ఎక్కడికీ వెళ్ళను, డాక్టర్," అని మొదటి శీతకాలంలోనే తేల్చి చెప్పారు. "నన్ను కూడా ఆ డబ్బాలోనే వేసి అక్కడే పోయండి. మీరు చదువుకున్నవారు, ఎవరికీ దొరక్కుండా చేయగలరు."

ఆమె కోరినది అంతే. తొమ్మిదో నంబరులో ఉండడం, అక్కడే పోవడం.

దానికి ఒకటే అడ్డు. జర్మనీ దృష్టిలో ఆమె లేనే లేరు. ఈ దేశంలో ఇల్లు మారితే రెండు వారాల్లో పట్టణ కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్ని అన్మెల్డుంగ్ అంటారు. మనవాళ్ళు విమానం దిగి అన్నం తినకముందే దాని గురించి అడుగుతారు. సైన్యానికీ, సైన్యపు పౌర ఉద్యోగులకూ ఆ బాధ్యత లేదు. మిసెస్ ప్రాట్ ఉద్యోగం ముగిసిన నాడే ఆ మినహాయింపూ ముగిసింది. నేనీ మాట చెబితే ఆమె నవ్వారు.

"నమోదు పరదేశీలకు. నేను పరదేశీనా?"

"జర్మనీలో మీరు పరదేశీయే కదా?"

"నేను జర్మనీలో ఎప్పుడున్నాను? లావెండర్ క్లోజ్‌లో ఉన్నాను."

ఇది అహంకారమని కొట్టివేయడం తేలిక. కాని ఆమె చెప్పినది అక్షరాలా నిజం. అద్దె వసూలు చేసే సైనిక విభాగం వెళ్ళిపోయింది. కొత్త యజమాని రికార్డులో తొమ్మిదో నంబరు ఖాళీ ఇల్లు. ఖాళీ ఇళ్ళలో గొట్టాలు గడ్డకట్టకూడదని వీధి మొత్తానికి కలిపి ఒకే మీటరు మీద నీళ్ళు, కరెంటు, వేడి నడిపిస్తూనే ఉన్నారు. ముందు గది తెర తీయకుండా, వెనుక గుమ్మం నుంచి తిరుగుతూ, ఆమె తన ఇంట్లో తాను దాక్కొని బతికారు.

2020 మార్చిలో అన్నీ మూతపడ్డాక ఆషర్ ఆమెకు సరుకులు తెచ్చిపెట్టేవాడు. ఫెలిషా పప్పుచారు పంపితే, డబ్బా కొన్ననాటి కంటే మెరిసేలా తోమి తిప్పి పంపేవారు. సూజీ కిండర్‌గార్టెన్ మూతబడి, రోజంతా కంచె దగ్గరే ఉండేది. ఆమెను "ఓమా నోయ్న్" అని పిలిచేది. తొమ్మిదో నంబరు అమ్మమ్మ అని. ఆమె జర్మన్‌లో బదులిచ్చేవారు కాదు గాని, పిలిచిన ప్రతిసారీ పలికేవారు.

ఆ ఏడాది చివరి రాత్రితో బ్రిటన్ ఐరోపా కూటమి బంధం పూర్తిగా తెగింది. ఆ లోపల జర్మనీలో నివసిస్తున్న బ్రిటిష్ పౌరులందరికీ ఉండే హక్కు కొనసాగుతుంది. ఆ తరువాత వచ్చినవాళ్ళకు మూడు నెలలకు మించి ఉండాలంటే అనుమతి కావాలి. నలభై ఆరేళ్ళున్న మనిషికి ఆ గడువుతో పేచీ ఏమీ లేదు. ఆమె ఉన్నట్టు రుజువు చేసుకోవలసిన అవసరం వస్తే తప్ప.

ఆ అవసరం టీకా రూపంలో వచ్చింది. జనవరిలో ఎనభై దాటినవాళ్ళకు టీకా వేయించుకొమ్మని ఆహ్వానాలు వచ్చాయి. చిరునామాల నమోదును బట్టి పంపినవి. నాకు వచ్చింది. నాకంటే రెండేళ్ళు పెద్దదైన మిసెస్ ప్రాట్‌కు రాలేదు. ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు ఉంది. పెరట్లోకి వచ్చి వెళ్ళడానికే గుమ్మం పట్టుకొని ఆగేవారు. "నాకేం అక్కర్లేదు," అన్నారు గాని, నా ఆహ్వానాన్ని చేతిలోకి తీసుకొని రెండుసార్లు చదివారు.

ఫిబ్రవరి మధ్యలో ఆషర్ మా ఇద్దరినీ కారులో టీకా కేంద్రానికి తీసుకువెళ్ళాడు. ఆమెకు ఎలా దొరికిందని అడిగితే, "దొరికిందిలే అమ్మమ్మా, ముందు వేయించుకోండి," అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మిసెస్ ప్రాట్ ముందు సీటులో, నేను వెనుక సీటులో ఆషర్ స్నేహితుడు నబీల్ పక్కన కూర్చున్నాం. నబీల్ హైదరాబాదువాడు. పాడర్‌బోర్న్‌లో కంప్యూటర్ సైన్సు చదువుతూ పద్నాలుగో నంబరులో గది తీసుకున్నాడు. టెర్మిన్, అంటే కార్యాలయంలో కలవడానికి ముందుగా తీసుకొనే సమయం, దొరకడం కష్టమైన ఆ రోజుల్లో ఎవరికి ఏ కార్యాలయంలో టెర్మిన్ కావాలన్నా అతనే పట్టేవాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాను తెలుగులో. "ఎలా దొరికింది?"

ఆషర్ అద్దంలోంచి నబీల్ వైపు చూశాడు.

"పరేషాన్ కాకు దాదీ," అన్నాడు నబీల్. "అందరికీ చేస్తం కదా, గదే. పోరగాండ్లు కొత్తగ దిగుతరు, రూమ్ దొరకదు. మన అడ్రస్ మీద అన్మెల్డుంగ్ కొట్టిస్తం. ఆమెకు గూడ పదకొండు నంబర్ మీద కొట్టిచ్చినం. ఆషర్ భాయ్ ఇల్లిచ్చినట్టు సంతకం పెట్టిండు. అంతే."

"తొమ్మిదో నంబరు మీద ఎందుకు చేయలేదు?"

"దానికి ఓనర్ సంతకం కావాలి కదమ్మమ్మా. వాళ్ళ లెక్కలో అది ఖాళీ. అడిగితే ఆవిణ్ణి బయటికి పంపేస్తారు," అన్నాడు ఆషర్.

"ఎప్పటినుంచి ఉంటున్నట్టు రాశారు?"

"జనవరి మొదటి వారం."

"ఏ జనవరి?"

"ఈ జనవరే. లేటుగా చేస్తే ఫైన్ వేస్తారుగా. ఇంగ్లండ్ నుంచి అప్పుడే వచ్చినట్టు పెట్టాం. ఒక్క ప్రశ్న అడగలేదు తెలుసా! టీకా కోసమంటే ఆవిడ కూడా చక్కగా సంతకం చేసింది."

కారు ఆవాల చేల పక్క నుంచి వెళుతోంది.

"ఆషర్, డిసెంబరు ముప్పై ఒకటి లోపల ఉన్నవాళ్ళకే హక్కు. నలభై ఆరేళ్ళుగా ఉన్న మనిషిని మీరు గడువు దాటిన వారానికి ఈ దేశంలోకి తెచ్చారు."

కారు వేగం తగ్గింది. నబీల్ మాస్కు కిందికి లాగి, మళ్ళీ పైకి లాక్కున్నాడు.

"అరే యార్," అన్నాడు మెల్లగా.

"ఏమిటి మీ గోల?" అని ముందు సీటులోంచి మిసెస్ ప్రాట్ ఇంగ్లీషులో అడిగారు. చేయి నొప్పిగా ఉన్నా ఆమె ముఖం వెలిగిపోతోంది. ఏడాది తరువాత ఆమె ఊరు దాటి బయటికి రావడం అదే మొదటిసారి. "నా గురించేనా?"

"మీకు జ్వరం వస్తుందేమోనని," అన్నాడు ఆషర్.

"రానివ్వండి. జర్మన్ జ్వరం నన్నేం చేస్తుంది?"

మనవాళ్ళ భయాలకు ఒక క్రమం ఉంది. పరాయి దేశంలో మొదట నేర్చుకొనేది జరిమానాకు భయపడడం. తేదీ దాటితే దండుగ, కనుక తేదీ ముందుకు జరపాలి; ఆ అలవాటు ఎంతమందినో కాపాడింది కూడా. చిరునామా అరువివ్వడం కొత్తగా వచ్చినవాడికి చేసే మేలు. ఆ రెంటినీ, ఎప్పుడో వచ్చిన మనిషికి అతికించారు. దురుద్దేశం ఎక్కడా లేదు. ఉంటే బాగుండేది; కోపగించడానికి ఒక మనిషి దొరికేవాడు.

మే నెలలో పదకొండో నంబరుకు ఆమె పేరిట విదేశీయుల కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. గడువు తరువాత ప్రవేశించారు, అనుమతి లేదు, మూడు నెలలు దాటాయి, కనుక దేశం విడిచి వెళ్ళాలి. అభ్యంతరముంటే ముందే నివసించినట్టు రుజువులతో హాజరు కావచ్చు. భాష మర్యాదగానే ఉంది.

రుజువులు వెతికే పని నాది. నా వృత్తి అదే. అంతవరకు నాకు తోచని ఒక సంగతి ఆ వెతుకులాటలో అర్థమైంది: ఈ ఊరిని ఇంగ్లండుగా ఉంచడానికి చేసిన ప్రతి ఏర్పాటూ, ఇది జర్మనీలో లేదనడానికి సాక్ష్యమే. ఆమె బ్యాంకు ఇంగ్లండుది, అందులోని చిరునామా సైనిక తపాలా సంఖ్య. పింఛను ఇంగ్లండుది. వైద్య పత్రాలు సైన్యంతో పాటు తరలిపోయాయి. జర్మన్ దుకాణంలో రసీదు లేదు, జర్మన్ వైద్యుడు లేడు, జర్మన్ స్నేహితుడు లేడు. ఉద్యోగం చేసినట్టు ధ్రువీకరణ తెప్పించాను. అది ఉద్యోగం ముగిసేవరకే పనికివచ్చింది. ఆ తరువాతి రెండేళ్ళే అసలు ప్రశ్న. ఉద్యోగం అయిపోయాక ఆమె ఇంగ్లండు వెళ్ళిపోయి, జనవరిలో తిరిగి వచ్చారని పత్రం చెబుతోంది. దానిపై ఆమె సంతకమే ఉంది.

చివరికి బేరి చెట్టు చూపించవచ్చా అని కూడా ఆలోచించాను. చెట్టు వయసు చెప్పగలరు. ఎవరు నాటారో, ఎవరు నీళ్ళు పోశారో చెట్టు చెప్పదు. దాని కింద ఏముందో చెప్పకూడదు.

మిగిలింది ఒక్కటే సాక్ష్యం. 2019 నుంచి ఆమెను రోజూ చూసినవాళ్ళం మేము. నేను జర్మన్ పౌరురాలిని. నా మాటకు విలువ ఉంటుంది. ఆ సాక్ష్యం చెబితే ఆషర్ రాసిచ్చినది అబద్ధమని తేలుతుంది. వాడి పర్మనెంట్ రెసిడెన్స్ దరఖాస్తు అప్పటికి ఆ కార్యాలయంలోనే ఉంది.

ఆ సాయంత్రం వంటింట్లో ఈ మాట ఎత్తాను.

"అమ్మమ్మగారూ, మీరు చెప్పింది న్యాయమే," అంది ఫెలిషా, చేస్తున్న పని ఆపకుండానే. "కాదనట్లేదు. కానీ పీఆర్ రిజెక్ట్ అయితే రేపు మా సంగతేంటండీ? సూజీకి తెలుగు చదవడం కూడా రాదు."

"ఆమె సంగతి?"

"ఆవిడకి ఓ దేశముంది కదండీ. అక్కడ పింఛనొస్తుంది, ఆస్పత్రి ఫ్రీ. మనల్ని పంపిస్తే ఫ్లైట్లు కూడా లేవు."

"మేం ఆవిడ ప్రాణం కాపాడామమ్మమ్మా," అన్నాడు ఆషర్. "వాక్సిన్ లేకపోతే ఏప్రిల్ కోవిడ్ వేవ్‌లో ఏమయ్యేదో! అదెవరూ అనరు. నేనేం డబ్బు తీసుకున్నానా?"

"తీసుకోలేదు."

"మరి నన్ను దొంగలా చూస్తావేం?"

"దొంగలా చూడడం లేదు. కారణంలా చూస్తున్నాను."

వాడు కుర్చీ వెనక్కి నెట్టి లేచి వెళ్ళిపోయాడు. నేను మాత్రం సాక్ష్యం చెప్పాలనే నిశ్చయించాను. వాడికి జరిమానా పడవచ్చు, దరఖాస్తు ఆలస్యం కావచ్చు, ఇంకా పెద్ద నష్టమూ జరగవచ్చు. అయినా వాడికి వయసుంది, ఉద్యోగముంది, ఎదిరించడానికి సంవత్సరాలున్నాయి. ఆమెకు ఉన్నది ఒక ఇల్లు, ఒక చెట్టు. నేను వాదనను రాసి, సంతకం చేసి, నాకిచ్చిన టెర్మిన్‌కు ముందురోజు ఆమెకు చదివి వినిపించడానికి వెళ్ళాను.

వెనుక గుమ్మం బార్లా తెరిచి ఉంది. ముందు గది తెరలు మొదటిసారి తీసి ఉన్నాయి. ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఉన్నాయి. మిసెస్ ప్రాట్ మోకాళ్ళ మీద కూర్చొని పొయ్యి లోపల తోముతున్నారు. రెండు తోముళ్ళకొకసారి ఆగి ఊపిరి కూడగట్టుకుంటున్నారు.

"అది చదవక్కర్లేదు, డాక్టర్," అన్నారు నా చేతిలోని కాగితాలు చూసి. "నేను నిన్ననే వెళ్ళి వచ్చాను. ట్యాక్సీలో."

"ఏం చెప్పారు?"

"అడిగినదానికి చెప్పాను. 'ఈ సంతకం మీదేనా?' అన్నాడు ఆ ఆఫీసువాడు. నాదే అన్నాను. 'జనవరిలో వచ్చారా?' వచ్చానన్నాను."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? పాతికేళ్ళు సంతకాలు పెట్టాను. ఒక్కదాన్ని వెనక్కి తీసుకోలేదు. ఒకసారి ఒక సార్జెంటు భార్య, నిండు గర్భిణి, కళ్ళనీళ్ళు పెట్టుకొని అడిగింది, కాస్త వదిలేయమని. పొయ్యి మళ్ళీ కడగమన్నాను. కడిగింది. ఇవాళ నా విషయానికి వచ్చేసరికి కాగితం తప్పు, నిజం వేరు అనమంటారా?"

"మీరు ఆషర్ కోసం చేశారు."

"మీ ఆషర్ అబద్ధాలాడడం కూడా చేతకాని వెధవ," అన్నారు. "తేదీ వేసేముందు క్యాలెండరు చూడాలని తెలియదూ? కాదు, వాడి కోసం కాదు. పిల్ల కోసం కొంచెం కావచ్చు. ఎక్కువగా, ఆ ఆఫీసులో కూర్చొని 'దయచేసి ఉండనివ్వండి' అనలేక. జర్మన్‌లో దాన్ని ఏమంటారో కూడా నాకు రాదు."

నేను ఆ గచ్చు మీద నిలబడి, చాలా మర్యాద తప్పిన మాటలు అన్నాను. మీది గర్వం, మూర్ఖత్వం అన్నాను. నమోదు చేయించుకొమ్మంటే మీరు నవ్వారు, అందువల్ల ఇంత జరిగిందన్నాను. ఆమె వింటూ తోముతూనే ఉన్నారు. నా సాక్ష్యం ఇక పనికిరాదు. ఆమె ఒప్పుకున్నదాన్ని కాదని నేను వాదిస్తే ఆమె కూడా అబద్ధం చెప్పినట్టే అవుతుంది. ఆమె తలుపును లోపలి నుంచి మూశారు.

"వాళ్ళను పిలవండి," అన్నారు, నా మాటలు అయిపోయాక. "మీ ఇద్దరు కుర్రాళ్ళను. చెట్టు తీయాలి."

"చెట్టు ఎందుకు?"

"నిబంధన. తోట గడ్డికి రావాలి."

"ఆ నిబంధన పెట్టిన సైన్యమే లేదు ఇక్కడ."

"నేనున్నాను కదా."

ఆషర్ అద్దెకు తెచ్చిన రంపంతో ఆ శనివారం చెట్టు కోశాడు. జర్మనీలో ఆదివారం చప్పుడు చేయకూడదు కనుక శనివారమే పూర్తి కావాలి. నబీల్ కొమ్మలు లాగి పోగుపెట్టాడు. కాయలు ఇంకా గోళీలంత ఉన్నాయి. మొదలు పెకలించాక మట్టి సమం చేస్తూ ఆషర్, "వేర్లు లోతుగా ఉన్నాయమ్మమ్మా, మట్టి భలే నల్లగా ఉంది," అన్నాడు. వాడికి తెలియదు. మిసెస్ ప్రాట్ మెట్టు మీద నిలబడి చూస్తున్నారు. గడ్డిచుట్టలు పరిచి, నీళ్ళు చల్లి, చదును చేసేవరకు అలాగే నిలబడ్డారు.

"రాన్?" అన్నాను, వాళ్ళు వెళ్ళాక.

"అతను 2009లోనే మార్చ్ అవుట్ అయ్యాడు," అన్నారు. "సంతకం నేనే పెట్టాను."

వెళ్ళే రోజు ఉదయం నన్ను పిలిచి తన తెల్ల గ్లవ్స్ చేతికిచ్చారు. వేళ్ళ చివర్లు ఎన్నోసార్లు ఉతకడం వల్ల పలచబడ్డాయి. తన ఇంటిని తానే తనిఖీ చేసుకోవడం పద్ధతి కాదని, నన్ను చేయమన్నారు. నేను తలుపుల పైన వేలు పెట్టి రాశాను. కిటికీ సందుల్లో, పొయ్యి వెనుక, రెండు కుళాయిల అడుగున రాశాను. వేలు తెల్లగానే ఉంది. గోడల మీద మేకు గుర్తు కూడా లేదు. వాళ్ళ పెళ్ళి ఫొటో తగిలించిన చోటు ఏదని అడిగితే, ఆమె చూపించారు. నాకు తేడా కనిపించలేదు. నా పరిశోధనంతా మనుషులు వదిలివెళ్ళిన జాడల మీదే నడిచింది. జాడ లేకుండా చేయడం కూడా ఒక విద్య అని అప్పుడు చూశాను. అందులో ఆమెను మించినవారు లేరు.

"ఏమంటారు?" అన్నారు గుమ్మంలోంచి, ఊపిరి పట్టుకొని.

"లోపం లేదు."

"నాకు తెలుసు."

ఆమె వెళ్ళినది గ్రిమ్స్‌బీలో ఒక మేనకోడలి దగ్గరికి. పెళ్ళయ్యాక ఒక్కసారే చూసిన మేనకోడలు. పుట్టిన పారిష్ పొలిమేరలో దింపడమంటే ఇదే. బండికి బదులు ట్యాక్సీ; ఖర్చు ఎవరిదని పారిష్‌లు కొట్లాడుకోలేదు, ఆమే ఇచ్చుకున్నారు. సూజీ కంచె దగ్గర నిలబడి "ఓమా నోయ్న్!" అని పిలిచింది. ఆ ఒక్కసారి ఆమె పలకలేదు. సూజీ చాలాసేపు అక్కడే ఉండి, తరువాత వాళ్ళమ్మను జర్మన్‌లో అడిగింది: "నేనేమైనా తప్పు చేశానా?"

నవంబరులో మేనకోడలి నుంచి నాకు ఫోను వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బే, వైరస్ కాదు. టీకా చక్కగా పనిచేసింది. అస్థికలు అక్కడి మునిసిపాలిటీ తోటలో చల్లారట. అక్కడ అది నేరం కాదు.

ఆషర్‌కు పీఆర్ డిసెంబరులో వచ్చింది. మన ఆచారం ప్రకారం ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. నిబంధనల ప్రకారం పదిమంది లోపలే. ఫెలిషా బిర్యానీ వండింది. నబీల్ కూడా వచ్చి, ప్రార్థన జరిగినంతసేపూ వెనుక కుర్చీలో తల వంచుకొని కూర్చున్నాడు. పాడర్‌బోర్న్ నుంచి వచ్చిన పాస్టరు ఇస్సాకుగారు, పరాయి దేశంలో ఈ కుటుంబానికి స్థిరమైన నివాసం దయచేసినందుకు దేవునికి స్తోత్రం చెప్పారు. అందరితో పాటు నేనూ "ఆమేన్" అనవలసి ఉంది. నా నోరు పెగల్లేదు. ఎవరూ గమనించలేదు, మాస్కులున్నాయి.

ఆ వారంలోనే ఆస్తుల కార్యాలయం తొమ్మిదో నంబరును అద్దెకు చూపించింది. విశాఖపట్నం నుంచి కొత్తగా వచ్చిన విశ్వనాథం, ఆయన భార్య ఊర్మిళ చూడడానికి వచ్చారు. తెలుగు వినిపించి ఆషర్ కంచె దగ్గరికి వెళ్ళాడు. నేను వాడి వెనుకే ఉన్నాను.

"ఎంత నీటుగా ఉందండీ!" అంది ఊర్మిళ, పెరటి గుమ్మంలో నిలబడి. "పొయ్యి లోపల కూడా మెరిసిపోతోంది. తోటలో గడ్డి చూడండి, తివాచీ పరిచినట్టు! ఇంతకుముందు ఎవరుండేవారండీ ఇందులో?"

ఆషర్ నా వైపు చూడలేదు.

"ఎవరూ లేరండీ," అన్నాడు. "మేం వచ్చినప్పట్నుంచీ ఖాళీయే."

వాడు అబద్ధమాడాడని నేను అనలేను. ఏ కార్యాలయంలో అడిగినా అదే చెబుతారు. తనిఖీ చేసినది నేనే. నేనూ అదే చెప్పాలి.